లాలాజలంలో లోహపు జాడలు: శ్రీ ఇనోసి రావులో గారి సేవాప్రస్థానం

1994 ఫిబ్రవరి ఏడవ తేదీన, ఫిజీ రాజధాని సువా నగరంపై కుండపోతగా వాన కురుస్తున్న ఉదయాన, శ్రీ ఇనోసి రావులో గారు మన దంతవైద్య కళాశాల ప్రయోగశాలలో రసాయన విశ్లేషకులుగా ప్రవేశించారు. ఇక్కడే నర్సుగా సేవలందిస్తున్న శ్రీమతి ఉనైసి గారితో మరుసటి ఏడాది వారి వివాహం జరిగింది.

పళ్ళు సరిచేసే తీగలు కట్టించుకున్న తరైవిని అనే బాలికకు పెదవులు వాచి నోరంతా పూసినప్పుడు, పిల్ల సరిగా తోముకోవడం లేదని పెద్దలు తేల్చేశారు. ఉనైసి గారు మాత్రం భర్తను నిలదీశారు.

"పిల్లనెందుకు తిడతారు? ఆ తీగ సంగతి చూడండి! మీ మిషన్లున్నది అలంకారానికా?"

రావులో గారు పరీక్షించగా, తీగల నుండి బాలిక లాలాజలంలోకి నికెల్ దిగుతున్నట్లు తేలింది. చాలామందికి హాని చేయని ఆ స్వల్ప పరిమాణమే ఆమెకు సరిపడలేదని చర్మపరీక్షలో రుజువైంది. నికెల్ లేని తీగ కట్టాక ఆమె నోరు మానింది.

నాటినుండి ఆ దంపతులు ఎందరో పిల్లల లాలాజలాన్ని, తీగలు కట్టకముందూ కట్టిన తరువాతా సేకరించి, శీతల పేటికలో భద్రపరిచారు. ఉమ్మడానికి సిగ్గుపడే పిల్లలతో ఉనైసి గారు, "పచ్చిమామిడి ముక్క, ఉప్పూ కారం... తలచుకో నాన్నా, గొట్టం అదే నిండుతుంది!" అనేవారు. పిల్లలు పకపకా నవ్వేవారు.

2014లో క్యాన్సర్ ఆమెను బలిగొన్నది. రెండేళ్ళకు వచ్చిన తుఫానులో విద్యుత్తు పోయి, జనరేటరు మునిగిపోయింది. దారులు తెరుచుకుని రావులో గారు చేరేసరికి నమూనాలన్నీ కరిగి చెడిపోయి ఉన్నాయి. ప్రతి గొట్టంపైనా ఉనైసి గారి చేతిరాతే. చెడిన నమూనాలను కాల్చివేయాలన్నది నియమం; వాటిని దహనానికి పంపే పనిని ఆయన ఎవరికీ అప్పగించలేదు.

సహాయకురాలు సేరా ఉండబట్టలేక, "ఒక్క గొట్టమైనా కడిగి దాచుకోండి సార్. ఎవరడుగుతారు?" అన్నారు.

"ఆవిడే అడుగుతుందమ్మా. నియమం తప్పితే నన్ను బతకనిచ్చేదా?"

చివరి గొట్టాన్ని మాత్రం ఆయన చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. తరువాత దానినీ దహనానికి పంపే సంచిలో వేసేశారు.

ఆ పిల్లలు పెద్దవారయ్యారు. వారి తీగలు ఏనాడో తీసేశారు. పోయిన నమూనాలు తిరిగి దొరికేవి కావు. అయినా రావులో గారు కొత్త పిల్లలతో పరిశోధన మళ్ళీ ఆరంభించారు. నవ్వించడం వారికి చేతకాదు. గొట్టం అందించి, పిల్లలు సిగ్గుపడకుండా అటు తిరిగి నిలబడేవారు. నికెల్ పడుతుందో లేదో తెలియడానికి, చెవిపోగులు పెట్టుకుంటే దురద వస్తుందా అని అడిగిన తరువాతే మనం నేడు ఏ బిడ్డకైనా తీగ కడుతున్నామంటే, అది వారి కృషిఫలమే.

నిన్న పదవీ విరమణ వీడ్కోలు సభలో, యంగోనా అనే వేరు పానీయపు గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు, "కందావు దీవిలో మేడమ్ గారి ఊళ్ళో ఒక్కరూ ఏం చేస్తారు సార్?" అని సేరా అడిగారు.

"ఆవిడ సమాధి దగ్గర కూర్చుంటానమ్మా. ఉన్నన్నాళ్ళూ ఇద్దరికీ పనే సరిపోయింది."

ఆ సాగరతీరాన శ్రీ రావులో గారికి తీరికగా కూర్చునే ఉదయాలు అనేకం లభించాలనీ, సంపూర్ణ ఆరోగ్యంతో వారు నిండు నూరేళ్ళు జీవించాలనీ, బరువెక్కిన హృదయాలతో ఆకాంక్షిస్తున్నాము.