తాతగారి బుర్రలో వెలిగిన చోటు

స్కానింగ్ గది. మెడ కిందంతా చచ్చుబడిన భర్త మిషన్ గొట్టంలో పడుకుని ఉన్నాడు. అద్దానికి ఇవతల డాక్టరమ్మ, ఆయన భార్య. మధ్యన మైకు.

“ఇలా దగ్గరికి రా డాక్టరమ్మా, ఆయన చెవిన పడకూడదు. మైకు కట్టేశావా?”

“కట్టేశాను మామ్మగారూ, త్వరగా చెప్పండి. చెయ్యి కదిపినట్టు తాతగారు తలుచుకుంటే మెదడులో ఒక చోటు వెలగాలి. అక్కడే మేం పరికరం పెట్టేది. రెండుసార్లు చూశాం, మిణుకన్నది లేదు. ఈసారీ అంతే అయితే పరికరం పెట్టేవాళ్ళ జాబితాలోంచి ఆయన పేరు కొట్టేస్తారు.”

“కొట్టేస్తే?”

“మనసులో తలుచుకుని తెర మీద బాణం కదపడం, ఉత్తరం రాసుకోవడం, అవేవీ ఉండవు.”

“అయ్యో, అయ్యో! ఇంతకీ ఏం తలుచుకోమన్నావు?”

“కుడిచేత్తో గిన్నె తోముతున్నట్టు.”

“గిన్నా! నలభై రెండేళ్ళ కాపురంలో ఒక్క గిన్నె తోమితే ఒట్టు! ఎరగని పని తలుచుకోమంటే ఆ బుర్ర మాత్రం ఏం చేస్తుంది పాపం? పేకాట చెప్పు. అందులోనూ ముక్క మార్చడం.”

“తాతగారు దొంగాట ఆడతారా?”

“ఆడరూ! ఇన్నేళ్ళూ కనిపెడుతూనే ఉన్నా, దొరికితేగా! అయినా గెలుపెప్పుడూ నాదే, అది వేరే సంగతి. నొక్కు, మైకు నొక్కు.”

“తాతగారూ, పేకాడుతూ ముక్క మారుస్తున్నట్టు తలుచుకోండి.”

“ఎవరు చెప్పారమ్మా? మా ఆవిడేనా? అబద్ధం! నేను జన్మలో...”

“మాట్లాడకండి, తల కదులుతుంది!”

“ఏమైంది తల్లీ? వెలిగిందా? చెప్పవేం?”

“భగ్గుమంది మామ్మగారూ! కానీ... ఇది ఎడంచేతి చోటు.”

“ఎడంచెయ్యా! నేను కుడిచేతి మీదే కన్నేసి కూర్చున్నానే ఇన్నేళ్ళూ! పరికరానికి పనికొస్తుందా మరి?”

“బ్రహ్మాండంగా. పేరు ఎవరూ కొట్టెయ్యరు.”

“హమ్మయ్య! ఏవండీ, వింటున్నారా? నోరు కాదన్నా బుర్ర ఒప్పేసుకుంది. ఎడంచేత్తో ఏం దాచేవారు?”

“దాచలేదే. జోకర్ చేతికొస్తే, నువ్వు తీసుకునే ముక్కల పైన పెట్టేవాణ్ణి.”

“నాకా? ఎందుకూ?”

“ఓడితే రెండు రోజులు మాట్లాడవు కదే!”

“మైకు కట్టెయ్యి డాక్టరమ్మా.”

“మామ్మగారూ? ఏమిటలా అయిపోయారు?”

“ఏం లేదులే. ఇదంతా బాగా గుర్తుపెట్టుకో తల్లీ, పదిమందికీ చెప్పు. ఆ జోకర్ సంగతొక్కటి మింగేసి చెప్పు.”