నూకరాజు దాచిన అట్టబొమ్మలు

ఆ దొరల సీమ పత్రిక ఇలా ఇవ్వండి అల్లుడు గారూ, కోటిపల్లి పడవ ఇప్పట్లో రాదు. ఆయ్, అట్ట మీద ఓడ. మా నూకరాజు దీన్ని చూసి ఉంటే మిమ్మల్ని భుజాన ఎక్కించుకుని ద్రాక్షారామం దింపి మరీ అడిగి పుచ్చుకునేవాడు. ఎవరంటారా, నాతో పాటు పడవకి గెడ వేసినవాడండి. ఆనకట్ట కట్టే రోజుల్లో ధవళేశ్వరం దొరల సామానంతా కోరంగి నించి మేమిద్దరమే చేరవేసేవాళ్ళం. ఇద్దరం అనడం మాటవరసకి, నేనొక్కణ్ణే చాలు. పొంగు మీదున్న గోదావరిలో రాళ్ళ పడవని ఎదురు తోసుకుంటూ పోతుంటే గట్టు మీద దొర టోపీ తీసి నించున్నాడు. నవ్వకండి, అప్పటివాళ్ళెవరూ లేరు గానీ ఉంటే చెప్పేవాళ్ళు.

ఎక్కడున్నాం, ఆ, నూకరాజు. వాడి ఒక్కగానొక్క కొడుకు ముత్యాలు, మీసం రాని పిల్లాడు, కోరంగిలో ఓడెక్కి రంగూను వెళ్ళేడు. మరి కబురు లేదు. అప్పణ్ణించీ వీడికి బొమ్మల పత్రికల పిచ్చి పట్టిందండి. దొరలు చూసి పారేసినవి బట్లరుకి చేపలిచ్చి తెచ్చుకునేవాడు. లోపలి రాతలు మనకెందుకు, అట్ట ఒక్కటీ విడదీసి, వేపాకు వేసి భోషాణంలో దాచేవాడు. ఓడ బొమ్మ దొరికిందా, ఆ పూట తిండి లేదు. ఓడ మీద మనుషులు నువ్వుగింజంతేసి ఉంటారు, ఒక్కొక్కడి మీదా వేలు పెట్టి, "వీడు కాదు బావా, మావాడి భుజాలు ఇలా ఉండవు" అనేవాడు.

కొన్నేళ్ళకి అదే ఓడలో వెళ్ళిన శ్రీరాములు తిరిగొచ్చి, తుఫానులో ముత్యాలు కొట్టుకుపోవడం కళ్ళారా చూశానన్నాడు. నూకరాజు వింటేనా. "నీ కళ్ళు మసకలు. నేను వెతుకుతున్నాను కదా" అన్నాడు. వాడి పెళ్ళాం చిన్నతల్లి ఊరుకోలేదు. "నీళ్ళు వదలకపోతే పిల్లాడు దాహంతో తిరుగుతాడయ్యా" అని రోజూ ఏడుపే. చివరికి మంచం పట్టి, "నేను పోయేలోగా వాడికి కర్మ చెయ్యి" అని చెయ్యి పట్టుకుంది. అప్పుడు దిగొచ్చేడు.

శవం దొరకనివాడికి దర్భలతో మనిషిని కట్టి కాల్చడం ఉంది కదండీ. అయ్యవారు దర్భలు తెస్తే నూకరాజు వద్దన్నాడు. భోషాణం గట్టు మీదికి ఈడ్చుకొచ్చి, ఆ అట్టలు చుట్టలు చుట్టి కొబ్బరితాడుతో కాళ్ళూ చేతులూ పెట్టి మనిషిని కట్టేడు. ఆడది అక్కడికి రాకూడదని కులపెద్దలు అడ్డం పడితే, చిన్నతల్లిని మంచంతో సహా ఒంటిచేత్తో ఎత్తుకొచ్చింది నేనేనండి. ఆవిడ ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. "వెళ్ళినప్పుడు అంతే ఉన్నాడయ్యా. ఈపాటికి ఎదిగుంటాడు. ఇంకాస్త పొడుగు కట్టు" అంది.

నూకరాజు మళ్ళీ భోషాణంలోకి వంగేడు. అడుగున మిగిలిన అట్టలు తీసి, చుట్టి, కాళ్ళకి జత చేసేడు.

నిప్పు పెట్టింది నేనే. ఒక్క విసురుకి... లేదండి. వాడే పెట్టేడు. నేను గెడ పట్టుకుని అటు తిరిగి నించున్నాను.

అదిగో పడవ, పంచె పైకి కట్టుకోండి అల్లుడు గారూ. ఈ రేవులో బురద ఎక్కువ.