మంచి మ్యాచ్

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే బస్సులో అత్తా మేనకోడలూ పక్కపక్కన కూర్చున్నారు. అత్త చాలా ఏళ్ళు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసింది. మేనకోడలు కాలేజీలో ఇంగ్లీషు చదువుతోంది.

“మా ఫ్రెండుకి మంచి మ్యాచ్ కుదిరింది అత్తా.”

“మ్యాచ్ అంటే అగ్గిపెట్టె కదే?”

“పెళ్ళి సంబంధం కూడా. వినేదానికి ఒకటేగానీ రెండూ వేరే మాటలు. అగ్గిపుల్ల మ్యాచ్ ఫ్రెంచి నుంచి వచ్చినాది, దీపం వత్తి అని అర్థం. ఇంకోటి పాత ఇంగ్లీషుది. జత, తోడు అని.”

అత్త కిటికీ వైపు తిరిగింది.

“ఏమైంది అత్తా?”

“మా ఫ్యాక్టరీలో గురుసామి అని ఒకాయన ఉండె. ఒకరోజు పనైనాక, ‘మనది మంచి మ్యాచ్ కదా’ అని అడిగినాడు.”

“నువ్వేమన్నావు?”

“‘అవును, వానల్లో కూడా బాగా అంటుకుంటాది’ అన్నాను.”

“అయ్యో! ఆయన?”

“నవ్వినాడు. మళ్ళా అడగలే. ఆ నెలలోనే విరుదునగర్ నూనె మిల్లుకి పోయినాడు.”

“నీకూ ఆయనంటే ఇష్టమేనా?”

“ఇష్టం కాబట్టే, ఒక్క మాటన్నా అడక్కుండా పోయినాడే అని ఇన్నేళ్ళూ ఆయన మీద కోపంగా ఉండాను.”