ఫోనులో వచ్చిన అతిథి

పక్షవాతం వచ్చిన మూడో నెల. ఒమాన్ కొండల్లో ఒక ఇంటి ముందుగదిలో ఖర్జూరాల డబ్బాకు ఆనించిన ఫోను. తెరలో డాక్టరమ్మ, ఎదురుగా ముసలాయన.

“కుడిచెయ్యి ఎత్తండి బాబాయ్. ఇవాళ కూడా కదలకపోతే వ్యాయామ చికిత్స ఆపేయమని రాయాలి.”

“రాసెయ్యి తల్లీ. ఆ చేతిని దేవుడు వెనక్కి తీసుకున్నాడు.”

“ఆయన చెప్పాడా, మీరే అనేసుకున్నారా?”

“అది సరే, మా ఇంటికొచ్చి ఉత్తినే కూర్చున్నావేం? కాఫీ పోస్తానుండు.”

“ఫోనులో ఎలా తాగను?”

“ఎలా వచ్చినా వచ్చావు కదా. నాలుగు గంటలు కారులో పడి నేను మీ ఆసుపత్రికి రావలసింది, నువ్వే మా గడప తొక్కావు. ఊరికే పంపితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“కూజా ఎడమచేత్తో పట్టుకున్నారే!”

“పోసేది ఎప్పుడూ ఎడమచేత్తోనే. కప్పు మాత్రం అతిథికి కుడిచేత్తోనే అందించాలి. ఇదిగో, తీసుకో.”

“బాబాయ్, ఆ కప్పు ఏ చేతిలో ఉందో చూసుకోండి.”

“అల్‌హమ్దులిల్లా! వణుకుతోందమ్మా. సగం ఒలికిపోయింది.”

“ఒలకనివ్వండి. చికిత్స ఆపమని ఇంక రాయను.”

“దేవుడు ఎప్పుడో తిరిగిచ్చేశాడేమో తల్లీ. నేనే అడిగి చూడలేదు. నువ్వు ఇంటికి రాబట్టి తెలిసింది. ఇంకాస్త పొయ్యనా? చాలంటే నీ కప్పు ఊపు. ఊపేదాకా నేను పోస్తూనే ఉండాలి, అది మా ఆచారం.”

“ఇదిగో నా కప్పు. ఊపను బాబాయ్. వచ్చే ఆదివారం మళ్ళీ పోయండి.”