కరువు పక్కన బొమ్మ

పాత పత్రికల్లో కరువు అనే మాటను ఏ కాలంలో ఎట్లా వాడారో పుస్తకం రాస్తున్న ఒక అమ్మాయి, హిందూపురం నుంచి ధర్మవరం వచ్చి ఒక నేతగాళ్ల ఇంట్లో మగ్గం పక్కన కూర్చుంది. ఫోన్‌లో ఒక పాత పేపరు ఫొటో తెరిచి ఇంటామెకు చూపించింది.

"ఈమె మీ అత్తేనా అక్కా?"

"అవును పాపా. నీకు యాడ దొరికింది?"

"ఏ ఏడు పేపరు తీసినా కరువు అన్న మాట పక్కన ఈమే ఉండాది. చినిగిన చీర, ఆకాశం వైపు చూపు."

"ఆమె పోయినాక గూడా వేసినారు. అది పడిన పొద్దు మా ఆయన పేపరు మడిచి దాచిపెట్టేవాడు."

"చూడలేక బాధతోనా?"

"సిగ్గుతో. పేపర్లో ఫొటో పడతాదని మా అత్త ఈ మగ్గం మీద తాను నేసుకున్న పట్టుచీర కట్టుకొని వచ్చె. ఫొటో తీసేటాయన వద్దనె. పట్టుచీరలో కరువు కనపడదంట. మగ్గం తుడిచే పాతచీర ఆ మూలన ఉంటే అది చుట్టుకోమనె. పైకి చూడమన్నదీ ఆయనే."

అమ్మాయి ఫోన్‌ను ఒళ్లో బోర్లించుకుంది.

"ఆ ఏడు మాకూ కష్టమే, కాదనను. అయినా ఆ చీర నలుగురికీ చూపించుకోవాలని ఆమెకు ఆశ. అది సరే, ఏం పని మీద వచ్చినావు పాపా?"

సంచిలో పుస్తకం అట్ట నమూనా ఉంది. దాని మీద ఆ బొమ్మే ఉంది. వేసుకోవచ్చా అని అడగడానికే ఆమె ఇంత దూరం వచ్చింది.

"ఏం లేదక్కా," అంది తల వంచుకుని. "ఆ పట్టుచీర ఏ రంగో కనుక్కుందామని."