బల్లమీది గాస్కెట్

షెడ్డులో ఆ పాతకాలపు స్కూటర్‌కి మెకానిక్ కార్బురేటర్ బిగిస్తున్నాడు. బండి అతని బావది. పక్కనే నిలబడి తొందరపెడుతున్నాడు.

"అక్క చెయ్యి విరిగిందటగా, బావా."

"జారి పడింది."

"మొన్న పన్ను ఊడినప్పుడూ జారే పడింది."

"కొట్టాను. నా పెళ్లాం, నా ఇష్టం. అవునూ, ఆ గాస్కెట్ బల్లమీదే వదిలేశావేం?"

"అది పాతది."

పాతది కాదు. అది లేకపోతే కార్బురేటర్‌కీ ఇంజనుకీ మధ్య సందులోంచి గాలి పీల్చుకుని ఇంజను రేగిపోతుంది, యాక్సిలరేటర్ వదిలినా తగ్గదు. వంతెన దిగేచోట బావ తల పగలడం మెకానిక్‌కి పొద్దుట్నుంచీ కళ్లముందు ఆడుతోంది.

"త్వరగా కానీరా. మీ అక్క వీధి మలుపులో కూర్చుంది. కట్టు కట్టించాలి."

"ఈ బండిమీదేనా?"

"కాకపోతే నెత్తిన పెట్టుకుని మోయాలా?"

మెకానిక్ నట్లు విప్పాడు. గాస్కెట్‌కి రెండువైపులా సీలెంట్ రాసి, లోపల కూర్చోబెట్టి, మళ్లీ గట్టిగా బిగించాడు.

"పాతదన్నావుగా?"

"నువ్వొక్కడివే వెళ్తావనుకున్నా."

బావకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరి ఇప్పుడు?"

"అక్కని నేను తీసుకెళ్తా." మెకానిక్ చేతిలో స్పానర్ వదలకుండానే షట్టర్ కిందికి లాగాడు. "నిన్ను మోసుకెళ్లడానికి ఎవరో ఒకరు వస్తార్లే."