యజమాని పేరు

యుద్ధం వచ్చి నూలుకు పర్మిట్ పెట్టిన ఏడాది. గద్వాల కచేరి ముందర, ఉర్దూలో అర్జీలు రాసే కురుమూర్తి మున్షీ చాప ఎదుట, నాలుగు మగ్గాలు నడిపే జములమ్మ మూడుసార్లు తిరిగొచ్చిన అర్జీని పట్టుకొని కూర్చుంది.

"కాయితం ఇయ్యవు, కథ చెప్తవు. ఇయ్యమ్మా, సూస్త."

"నా చేతిలనే ఉండనీ, మున్షీగారు. ఆడికెల్లే చదువు."

"నేనేమన్న తినిపోతనా?"

"రాయనీకి ఇప్పటిదాంక ఎవ్వరికియ్యలే. మగ్గాల కాయితాలన్ని నేనే రాసుకుంటున్న. అక్షరాలు గుడ నేనే నేర్చుకున్న, దుకాండ్ల మీద పేర్లు సూసి. ఆఖరికి మా శాంతక్క తిట్టింది. కాన్పుకు మంత్రసానిని పిలుస్తరు గాని, నాది నేనే తీసుకుంటనంటరానే అన్నది."

"బాగనే అన్నది. ఇదేంది, తెలుగుల రాసినవు? లోపల ఎవరు చదువుతరు?"

"ముత్యాల్లెక్క రాసిన."

"ముత్యాలే, కాదంటనా. నీ మగ్గం మీద నన్ను కూసోబెడితే నూలు చీరెకు పట్టంచు కలుపుతనా?"

"పోగులన్ని తెంపుతవు."

"ఈడ నువ్వు గదే జేస్తున్నవు. నూలు ఆగి ఎన్నాళ్లాయె?"

"నలభై దినాలు. నేసేటోళ్లు నలుగురు మూటలు గట్టిన్రు. శుక్కురారం దాంక సూసి, ఆలుబిడ్డలను తీసుకొని సోలాపూర్ పోతరట. పోతే ఇగ రారు. సోలాపూర్ పోయినోళ్లు రారు, నాకెరుకే."

"నీకెట్ల ఎరుక?"

"ఎరుకే అంటున్న గద. రాయి."

"కింద సంతకం మద్దిలేటిది. మీ ఆయననా? ఆయన్నే తోలు. నా ఎదురుంగ సంతకం జేస్తే వారం దినాల పని."

"పెయ్యి బాగలేదు."

"బండి మీద తీసుకరా."

"ఊర్లె లేడు. వస్తడు."

"ఎప్పుడొస్తడు?"

"వస్తడయ్యా."

"అమ్మా, నా దగ్గర దాపెడితే నేనేం రాయాలె?"

"ఇల్లిడిసి పోయి పన్నెండేండ్లయింది."

"మరి ఈ సంతకం?"

"నేనే చేస్తున్న. మొగోని పేరు లేకుంటే నూలియ్యరన్నరు."

"ఎంత పని జేసినవు తల్లీ. లోపల ఎరుకైతే నూలు సంగతి అటుంచు, మగ్గాలకు తాళమేస్తరు. విను. ఇగ దొంగ సంతకాలొద్దు. మగ్గాలు నీయి, నీ పేరు మీదనే అడుగుదము. యజమాని జములమ్మ అని రాస్త. ఆయన పేరు తీసేస్త."

"తీసెయ్యకు."

"ఎందుకు?"

"ఇంటి మీద, మగ్గాల మీద ఆ పేరే ఉంచిన. తీసేస్తే... వచ్చేటోనికి తొవ్వ మూసినట్టైతది."

"వచ్చేటోడు కచేరి కాయితం సూసుకుంట వస్తడా? పోయినోని పేరు గావాల్నా, పోబోయే నలుగురు గావాల్నా? నువ్వే చెప్పు."

"గట్ల అడగకు."

"అడగాలె గదమ్మా. నా పనే అది."

"జర ఆగు... ఇగో, పట్టు. ఇది, ఇంటికాడ పెట్టెల ఉన్నయి గుడ, అన్ని నీకే ఇస్త. ఇగ నేను రాయ. నీకు తెలిసినట్టు రాయి."

"సల్లగుండు. ఇంత నీళ్లు తాగు. మీ ఆయన తండ్రి పేరు?"

"హన్మంతు."

"సొంతూరు?"

"అమరచింత."

"గుర్తులేమన్న ఉన్నయా? నువ్వెవరి భార్యవో లోపల గట్టిగ అడుగుతరు."

"ఎడమ చెవి కొస లేదు. చిన్నగున్నప్పుడు కుక్క కరిచిందట."

"ఎడమ చెవా?"

"అవు. ఏమాయె, రాస్తలేవు?"

"సిరా అయిపోయింది. రేపు రా అమ్మా."

"సీసల సగముంది. నాకు కండ్లు లేవా?"

"రేపు మాట్లాడుదము."

"ఆయన నీకెరుకనా? సచ్చిపోయిండా? చెప్పు, ఏడువ. ఏడ్సేదంతా ఎన్నడో ఏడ్సిన."

"బతికే ఉన్నడు. నాలుగేండ్ల కింద ఈ చాప మీదనే కూసున్నడు."

"గద్వాలకొచ్చిండా?"

"పొద్దుగాల వచ్చి మాపటాలకు పోయిండు."

"మా ఇల్లు ఈడికి రెండు గల్లీలే, మున్షీగారు."

"ఆయన చెప్పిన ఆమె నువ్వని నాకు తెల్వదమ్మా. నువ్వు బతికున్నవని గుడ తెల్వదు."

"దేనికొచ్చిండు?"

"సోలాపూర్ల పిల్లనిచ్చేటోళ్లు కాయితం అడిగిన్రట. మొదటి పెండ్లం జములమ్మ గత్తరొచ్చి సచ్చిపోయిందని రాయించుకున్నడు. రాసింది నేనే. లోపల మొహర్ ముద్ర ఏసి, రిజిస్టర్ల ఎక్కించిన్రు. సచ్చిన మనిషి పేరు మీద నూలు ఎట్ల అడగాలె, తల్లీ?"